బదరీ వృక్షం కింద దేవుడు అడగని ప్రశ్న

కర్మెలు కొండ మీద నాలుగు వందల యాభై మంది బయలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలబడిన ఏలీయా, రాణి యెజెబెలు పంపిన ఒక్క కబురుకు ప్రాణభయంతో పారిపోయాడు. యెజ్రెయేలు నుంచి బెయేర్షెబాకు దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడ తన దాసుణ్ణి విడిచిపెట్టి, అరణ్యంలో మరో రోజు ప్రయాణమంత దూరం నడిచి, ఒక బదరీ వృక్షం కింద కూలబడ్డాడు. ఇక బతకలేనని, తనను తీసుకుపొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు (1 రాజులు 19:4). ఆకాశం నుంచి అగ్నిని రప్పించిన ప్రవక్త చావు కోరుకున్నాడు!

ఈ అధ్యాయం మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్క లేదు. ప్రతిసారీ ఏలీయా బలహీనత గురించే మాట్లాడాము. దేవుని మీద నుంచి దృష్టి తొలగితే ఎంతటి విశ్వాసవీరుడైనా పడిపోతాడని హెచ్చరించాము. అయితే ఆ చెట్టు కింద దేవుడు ఏం చేశాడో మాత్రం సరిగ్గా చదవలేదు. ఆయన గద్దించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. ఏలీయాను నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు చూపించాడు. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు ప్రవక్త. మళ్లీ లేపి, మళ్లీ తినిపించాడు. నలభై రోజులు నడిచి హోరేబు చేరాక గానీ దేవుడు ప్రశ్న వేయలేదు. ఆ ప్రశ్నలో కూడా నింద లేదు, ఇక్కడ ఏం చేస్తున్నావు అన్నాడంతే.

ఈ వరుసను మాకు చూపించింది ఏ వ్యాఖ్యాన గ్రంథమూ కాదు, ఒక డాక్టరమ్మ. ఆమె క్రైస్తవురాలు కూడా కాదు.

సుమారు పదేళ్ల కిందటి మాట. మా సంఘంలో ఒక యువకుడు చదువు ముగించి, ఉద్యోగం దొరికి, ఏడాది తిరగకుండానే ఇంటికి వచ్చేశాడు. గదిలో నుంచి బయటికి రాడు. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉంటాడే గాని తినడు. రాత్రంతా మేలుకునే ఉంటాడు. తల్లి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీసుకొచ్చేది. మేము తలమీద చేయి ఉంచి ప్రార్థించేవాళ్లం. మేనమామ పట్నంలో మానసిక వైద్యుల దగ్గర చూపించి మందులు మొదలుపెట్టించాడు. రెండు నెలలకు అబ్బాయికి నిద్ర పట్టసాగింది, ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. ప్రార్థన ఫలించిందని మేమన్నాము. ఫలించలేదని ఇప్పుడూ అనము. కానీ మాత్రలూ పనిచేస్తున్నాయన్న మాట ఆ రోజు మా నోట రాలేదు.

ఒక ఆదివారం అతను సాక్ష్యం చెప్పడానికి లేచాడు. యేసయ్యే నా వైద్యుడు, మాత్రలన్నీ పారేశాను అన్నాడు. మందిరమంతా హల్లెలూయా అని మారుమోగింది. మేము మైకు పక్కనే నిలబడి ఉన్నాము. మందులు మానెయ్యమని మేము అతనికి ఏనాడూ చెప్పలేదు. మానవద్దని చెప్పడానికి ఆ క్షణాన ఒక్క వాక్యం చాలు. అదీ చెప్పలేదు. అందరితో పాటు మేమూ చేతులెత్తి స్తోత్రం చెప్పాము.

నాలుగు వారాల తరువాత అతను ఇంటి నుంచి వెళ్లిపోయాడు. రెండో రోజు రాత్రి మరో ఊరి బస్టాండులో దొరికాడు. జేబులో తల్లికి రాసిన ఉత్తరం ఉంది. అందులో ఏముందో ఇక్కడ రాయము. దానిలో ఒక్క మాట మాత్రం మమ్మల్ని ఈనాటికీ వదలలేదు: తనకు విశ్వాసం చాలలేదని రాసుకున్నాడు.

ఆసుపత్రిలో మేము బైబిలు పట్టుకుని అతని మంచం పక్కకు వెళ్లబోతే డాక్టరమ్మ ఆపింది. "రెండు రోజులు ఎవరూ ఏమీ అడక్కండి సార్. ముందు నిద్రపోనివ్వండి, కాస్త తిననివ్వండి. మాటలు తర్వాత" అంది. మాకు కొంచెం కోపం వచ్చిందన్నది నిజం. వరండాలో బెంచీ మీద కూర్చున్నాక, ఈ మాట ఎక్కడో చదివామే అనిపించింది. బైబిలు తెరిచి 1 రాజులు 19 చదువుకున్నాము.

ఆ తరువాతే మెదడు గురించి చదవడం మొదలుపెట్టాము. సెమినరీలో హెబ్రీ, గ్రీకు నేర్చుకున్నాము, కౌన్సెలింగ్ మీద ఒక పేపరు రాశాము. కానీ మనిషి ఏడ్చినా, భయపడినా, ప్రార్థించినా కదిలే అవయవం గురించి ఒక్క పాఠమూ చదవలేదు. లేఖనమైనా ఆలోచనకు స్థానంగా మెదడును చెప్పదు. హెబ్రీయులు తలంపును, సంకల్పాన్ని హృదయంలో పెట్టారు, లోతైన భావాలను మూత్రపిండాల్లో పెట్టారు. మన తెలుగు అనువాదకులు దాన్నే మర్యాదగా అంతరింద్రియములు అన్నారు. ఈ సంగతి చెబితే యువజన కూటంలో పిల్లలు నవ్వుతారు. నిజానికి అది నవ్వవలసిన సంగతి కాదు. దుఃఖం ఒంట్లో జరుగుతుందని, ఆత్మ ఒక గాలిబుడగలా శరీరానికి బయట తేలుతూ ఉండదని ఆ పాతకాలపు భక్తులకు మనకంటే బాగా తెలుసు.

మెదడు బరువు కిలోన్నర కూడా ఉండదు. ఒంటి బరువులో అది రెండు శాతమే, అయినా శరీరం వాడే శక్తిలో అయిదో వంతు అదే తీసుకుంటుంది. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని లెక్కగట్టారు. దాని లోపల, చెవులకు సూటిగా లోతట్టున, రెండు పక్కలా బాదం గింజంత భాగాలున్నాయి. వాటి పేరు అమిగ్డలా. గ్రీకులో ఆ మాటకు బాదం అనే అర్థం. ప్రమాదాన్ని పసిగట్టి కేకవేసే కావలివాళ్లలో ఇది ముఖ్యమైనది. ఆ కేకకు హైపోథలామస్, పిట్యుటరీ, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఒకదాని వెంట ఒకటి మేల్కొంటాయి. గుండె వేగం పెరుగుతుంది, కార్టిసాల్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది, కాళ్లకు పరుగెత్తే బలం వస్తుంది. పామును చూసి ఎగిరి గంతు వేస్తాము చూడండి, అది ఈ ఏర్పాటు వల్లనే. మనల్ని బతికించడానికి దేవుడు పెట్టిన ఏర్పాటు ఇది. నుదుటి వెనక ఉండే మెదడు ముందు భాగం ఆ కేకను విచారించి, ఇది పాము కాదు తాడే, ఊరుకో అని సర్దిచెబుతుంది.

కష్టం పొద్దున వచ్చి సాయంత్రానికి పోతే ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. నెలలూ ఏళ్లూ పోకపోతేనే చిక్కు. కావలివాడు కేకలు మానడు, సర్దిచెప్పేవాడు అలిసిపోతాడు. నిద్ర పోతుంది. నిద్ర పోవడం అంటే చిన్న సంగతి కాదు. 2007లో అమెరికాలో కొందరు ఆరోగ్యవంతులైన యువతీయువకులను సుమారు 35 గంటలు మేలుకోబెట్టి, మనసును కలచివేసే బొమ్మలు చూపిస్తూ స్కాన్ చేశారు. నిద్రపోయినవారితో పోలిస్తే వీరి అమిగ్డలా స్పందన 60 శాతం ఎక్కువగా ఉంది. పైగా, దానికి సర్దిచెప్పవలసిన ముందు భాగంతో దాని సంబంధం బలహీనపడింది. ఒక్క రాత్రి నిద్ర లేకపోతేనే ఇంత!

ఏలీయా మెదడును ఎవరూ స్కాన్ చేయలేదు, అతనికి ఫలానా జబ్బు అని పేరు పెట్టే ధైర్యమూ మాకు లేదు. కానీ లెక్క వేసి చూడండి. ఏళ్ల తరబడి కరవు, అజ్ఞాతవాసం, కర్మెలు మీద రోజంతా పోరాటం, అహాబు రథం ముందు యెజ్రెయేలు దాకా పరుగు, ఆ పైన చంపుతామన్న బెదిరింపు, ఆ పైన ఎడారి. మట్టితో చేసిన మనిషి మట్టితో చేసినట్టే అలిసిపోయాడు. అతణ్ణి చేసినవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే రొట్టె పంపాడు.

ఇక్కడ సంఘ పెద్దలు మమ్మల్ని తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు. అన్నిటికీ మెదడే కారణమైతే పాపం ఎక్కడుంది అయ్యగారూ, రేపు ప్రతివాడూ నాది తప్పు కాదు, నా మెదడుది అంటాడు గదా! తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదిది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గం వేస్తుండగా ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీకి ప్రమాదం జరిగింది. బండరాతిలో మందు దట్టిస్తుంటే అది పేలి, మూడున్నర అడుగులకు పైగా పొడవు, ఆరు కిలోల బరువున్న ఇనుప గునపం అతని ఎడమ చెంప కింద దూరి నడినెత్తి నుంచి బయటికొచ్చింది. అతను చావలేదు. కానీ మంచి పనిమంతుడు, నెమ్మదస్తుడు అని పేరున్నవాడు, లేచి తిరిగాక మాటకు ముందు బూతులాడేవాడయ్యాడు. ఏ నిర్ణయం మీదా నిలిచేవాడు కాదు. ఇతను మా గేజ్ కాదని స్నేహితులే అన్నారని, వైద్యం చేసిన డాక్టర్ హార్లో 1868లో రాశాడు. గేజ్ మన సంఘంలో సభ్యుడై ఉంటే ఏం చేసేవాళ్లం? బహుశా రెండు హెచ్చరికలు చేసి, మూడోసారి బల్ల దగ్గరికి రానిచ్చేవాళ్లం కాదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఆ తరువాత అతను చిలీ దేశం వెళ్లి కొన్నేళ్లు గుర్రపు బండి తోలాడు. దారులు, వేళలు, ప్రయాణికులు, ఇవన్నీ చూసుకోవలసిన పని అది. అంటే ఎంతో కొంత కోలుకున్నాడనే అర్థం. 1860లో మూర్ఛలు వచ్చి చనిపోయాడు. అతని పుర్రె, ఆ గునపం హార్వర్డ్ వైద్య కళాశాల మ్యూజియంలో ఉన్నాయి. మాకు అర్థమైనంత వరకు మెదడు శాస్త్రం పాపాన్ని కొట్టివేయదు. తీర్పు తీర్చే తొందరను మాత్రం తగ్గిస్తుంది. ఒక మనిషి ఎంత బరువు మోస్తూ ఈ అడుగు వేశాడో మనకు కనబడదు, దేవునికి కనబడుతుంది. స్కాన్ యంత్రం కూడా ఏ భాగం ఎర్రగా వెలిగిందో చూపుతుందే గాని, ఆ తల్లి ఏ బిడ్డ కోసం ఏడుస్తోందో చూపదు.

మనం గౌరవించే దైవజనులు ఈ దారిలో నడవలేదా? చార్లెస్ స్పర్జన్ పేరు తెలియని పాస్టరు ఉండడు. 1856 అక్టోబరు 19 సాయంత్రం లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ఆయన ఆరాధన జరిపిస్తుండగా ఎవరో అగ్ని అని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. స్పర్జన్‌కు అప్పుడు 22 ఏళ్లు, ఇంట్లో నెల రోజుల కవల పిల్లలు. కొన్ని వారాల పాటు ఆయన మనిషి కాలేకపోయాడు. ఆ తరువాత జీవితాంతం కుంగుబాటు వస్తూ పోతూనే ఉంది. ఆయన దాన్ని దాచలేదు. తన దగ్గర చదువుకునే సేవకులకు ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒకటి పూర్తిగా దైవసేవకుల కుంగుబాటు మీదనే. శరీర రోగాలు, ఎక్కువ పని, కదలకుండా కూర్చోవడం కూడా కారణాలని అందులో చెప్పాడు. ఆ పుస్తకం మా సెమినరీ రోజుల్లో మా అలమారాలోనే ఉంది. ప్రసంగాల పాఠాలకు గుర్తులు పెట్టుకున్నాము, ఆ పాఠం దగ్గర పేజీ తిప్పేశాము.

ఇక దయ్యాల సంగతి. తప్పించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మన మందిరాలకు తీసుకొచ్చే రోగుల్లో చాలామందికి మొదట వేసే పేరు అదే. మత్తయి 4:24 చూడండి. యేసు దగ్గరికి తెచ్చినవారిలో దయ్యం పట్టినవారిని, చాంద్రరోగులను, పక్షవాయువు గలవారిని సువార్తికుడు వేరు వేరుగా చెప్పాడు. అదే మత్తయి 17వ అధ్యాయంలో చాంద్రరోగి అయిన ఒక బాలుడిలో నుంచి ప్రభువు దయ్యాన్ని వెళ్లగొట్టాడన్నదీ నిజమే. మేము దాన్ని తోసిపుచ్చము. కానీ ప్రభువుకు ఉన్న వివేచన మనకుందా? మూర్ఛ వచ్చిన పిల్లవాణ్ణి కొట్టి, పొగపెట్టి, రోజుల తరబడి పస్తుంచేవారికి లేఖనంలో ఎక్కడ ఆధారం దొరికింది? తమిళనాడులోని ఏర్వాడిలో ఒక దర్గా దగ్గర వెలసిన ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేసి ఉన్నందున 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. అది వేరే మతస్థుల చోటు అని తలతిప్పుకోవద్దు. మన ప్రార్థనా గృహాల స్తంభాలకు కట్టిన తాళ్లను మేము కళ్లారా చూశాము. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టకూడదని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలని, శిక్షించరాదని అదే చట్టం చెప్పింది. చట్టానికి కలిగిన కనికరం కొన్ని సంఘాలకు ఇంకా కలగలేదు. అలా చనిపోయినవారికి సమాధి కార్యక్రమం జరపడానికి కూడా అక్కడ పాస్టరు రాడు.

మందుల మీద మాకు గుడ్డి నమ్మకం లేదు. మెదడులో సెరొటోనిన్ తగ్గితే కుంగుబాటు వస్తుందని ఒకప్పుడు సులువుగా చెప్పేవారు. ఆ మాటకు నిలకడైన ఆధారం లేదని 2022లో పాత పరిశోధనలన్నీ తిరిగేసినవారు తేల్చారు. అంతమాత్రాన మందులు పనిచేయవని కాదు. 2018లో 522 ప్రయోగాలను, 1,16,477 మంది రోగుల వివరాలను కలిపి చూస్తే, పరీక్షించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గానే పనిచేశాయి. అందరికీ కాదు, ఒకే తీరుగా కాదు, కానీ చాలామందికి. అసలు ఈ మందుల చరిత్రే విచిత్రం. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు కొత్త మందు ఇస్తే, ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచి, నెలల తరబడి మంచం దిగనివారు నవ్వుతూ తిరగసాగారు. కుంగుబాటుకు మొదటి మందుల్లో ఒకటి అలా బయటపడింది. క్షయను కూడా ఒకనాడు శాపమన్నారు. మన మిషనరీలు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టి ఆ మాటను మాన్పించారు. ఈ రోజు టీబీ మాత్రలు పారేశానని ఎవరైనా సాక్ష్యం చెబితే ఏ పాస్టరూ స్తోత్రం అనడు.

ఈ జబ్బులు మన బల్లల మీద ఎందరికి ఉన్నాయి? బెంగళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాలు లేవు గాని, పక్కనున్న తమిళనాడు, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి. రెండు వందల మంది పెద్దలు కూర్చునే మందిరంలో ఇరవై మంది అనుకోండి. రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. ఆ ఇరవై మందిలో చాలామంది మొదట వచ్చేది పాస్టరు ఇంటికే. మనం ఏమంటామన్నదాని మీద ఒక్కోసారి ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది.

మాత్రలతోనే సరిపోతుందా అంటే, డాక్టర్లే సరిపోదంటారు. 2007లో మరో పరిశోధనలో, భయపడిన ముఖాలను, కోపంగా ఉన్న ముఖాలను చూపించి ఆ భావానికి పేరు పెట్టమన్నారు. మాటలో పెట్టగానే అమిగ్డలా అలజడి తగ్గింది. ఇది చదివినప్పుడు మాకు కీర్తనల గ్రంథం గుర్తొచ్చింది. 42వ కీర్తనకారుడు తన ప్రాణాన్ని తానే పిలిచి, ఎందుకిలా కుంగిపోయావని అడిగాడు. 88వ కీర్తన మొదలు నుంచి చివరి దాకా చీకటే, ఆఖరి మాట కూడా చీకటే. అయినా దాన్ని ఎవరూ పాటల పుస్తకం నుంచి తీసివేయలేదు. మనం ఆరాధనలో సంతోష గీతాలే పాడించి, కన్నీళ్లతో వచ్చినవాణ్ణి నవ్వమంటున్నాము. అతనికి పలకడానికి మాట ఇవ్వడం లేదు.

ఆ యువకుడు ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నాడు. మేము రోజూ వెళ్లాము. మొదటి నాలుగు రోజులు ప్రార్థన కూడా పైకి చేయలేదు, మా ఇంటి నుంచి తెచ్చిన క్యారేజీ ఇచ్చి పక్కన కూర్చున్నాము. అయిదో రోజు అతనే, "అయ్యగారూ, నామీద కోపంగా ఉందా?" అన్నాడు. తప్పు నీది కాదు బాబూ, ఆ ఆదివారం నోరు మెదపని మాది అని చెప్పాము. తరువాత సంఘం ముందు కూడా ఆ మాట ఒప్పుకున్నాము. కొందరికి నచ్చలేదు. రెండు కుటుంబాలు వేరే మందిరానికి వెళ్లిపోయాయి కూడా. ఇప్పుడు మా మందిరంలో సాక్ష్యం చెప్పేవారికి ఒక కట్టుబాటు ఉంది, డాక్టరు చెప్పకుండా మందు మానిన సంగతి సాక్ష్యం కాదు. నోటీసు బోర్డు మీద ఉపవాస కూటాల వేళల పక్కన 14416 అని రాసి ఉంటుంది. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు.

చాలా కాలం తరువాత, ఒక ఆదివారం అతను మళ్లీ మైకు దగ్గరికి వచ్చాడు. మాకు గుండె దడదడలాడింది. మూడు నెలలుగా రాత్రిపూట నిద్ర పడుతోందన్నాడు. డాక్టరుగారు మోతాదు కొంచెం తగ్గించారన్నాడు. తను వాడే మాత్ర తమ ఊరి మెడికల్ షాపులో ఒక్కోసారి దొరకడం లేదు, దొరికేలా ప్రార్థించమని అడిగి కూర్చున్నాడు. ఎవరికీ ఏమనాలో తోచలేదు. కాసేపటికి స్త్రీల వరసలో వెనక నుంచి ఒక ముసలమ్మ, "స్తోత్రం ప్రభువా" అంది.